అత్తమ్మ తాపిన నీళ్లు

మా అత్తమ్మ నడుస్తుంటే చూసినవాళ్లెవరూ ఫ్లోరైడ్ అంటే ఏమిటని అడగరు. మోకాళ్లు రెండూ వంకర తిరిగి, నడుము ముందుకు పడి, గోడ పట్టుకొని వాకిట్లోకి రావడానికే ఆయాసపడుతుంది. నార్కట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో బోరు నీళ్లు తాగి పెరిగిన ఆమె ఈడువాళ్లు చాలామంది అట్లాగే నడుస్తారు. నేను అచ్చంపేట దిక్కు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె నా కాళ్లను చాలాసేపు చూసింది. "మీ దిక్కు నీళ్లు మంచియి బిడ్డా, కాళ్లు సక్కగున్నయి" అంది. నాకెందుకో సిగ్గేసి చీర కిందికి లాక్కున్నాను.

మాకు పాప పుట్టినప్పటి నుంచి ఆమెకు ఒకటే ఫికరు. మనవరాలి కాళ్లు వంగకూడదు. చింతపండు నానిన నీళ్లు తాగితే ఫ్లోరైడ్ ఒంట్లో నిలవదని ఊళ్లో చెప్పుకునేవారు. మా పాతకాలపు ఇంటి వంటగది మూలన, గద్దెలో సగం దాకా కట్టేసిన ఇత్తడి గంగాళం ఉండేది. అత్తమ్మ కాపురానికి రాకముందు నుంచీ తాగే నీళ్లు అందులోనే. అడుగు ఎక్కడ కారినా, గంగాళం బయటికి రాదు కాబట్టి, ఇత్తడి సామాన్లకు మాట్లు వేసేవాళ్లను పిలిచి లోపలి నుంచే అతుకు వేయించేవారు. రాత్రి పడుకోబోయే ముందు అత్తమ్మ ఒక చింతపండు ఉండ అందులో వేసేది. తెల్లారి వడగట్టి మొదటి గ్లాసు మనవరాలికే. పులుపుకు పిల్ల మొహం చిట్లిస్తే బెల్లం ముక్క నోట్లో పెట్టి మరీ తాపేది. "మా అమ్మ పిల్లను సాదుతలేదు, చారు పెడుతాంది" అని మా ఆయన నవ్వేవాడు.

తెలంగాణ వచ్చాక కొన్నాళ్లకు ఇంటింటికీ నల్లా పెట్టారు. కృష్ణ నీళ్లు. ఇంకా చింతపండెందుకని అడిగితే అత్తమ్మ నా మీద గయ్యిమంది.

"గా బోరు ఏసిన్నాడు గూడ మంచినీళ్లనే అన్నరు. గిప్పుడు నమ్మమంటవా?"

ఆ రాత్రి నల్లా నీళ్లు పోసిన గంగాళంలో కూడా చింతపండు ఉండ పడింది.

బడి ఈడు వచ్చాక పిల్ల ఎప్పుడూ కడుపునొప్పి అనేది. అన్నం ముట్టదు. మొహం పాలిపోయింది. పొద్దున దిద్దిన అక్షరాలు సాయంత్రానికి దానికి కొత్తవే. ఊళ్లో అంతా ఫ్లోరైడే అన్నారు. మా దగ్గర ఏ రోగం వచ్చినా నెపం దాని మీదికే పోతుంది. అత్తమ్మ చింతపండు ఉండను ఇంకాస్త పెద్దది చేసింది. అది తలుచుకుంటే ఇవాళ కూడా నాకు గుండె మండిపోతుంది.

హైదరాబాదు దవాఖానలో రక్తం పరీక్ష చేసి ఒంట్లో సీసం ఉందన్నారు. మా ఇంట్లో సీసం ఎక్కడిదని నేను డాక్టరమ్మతో కొట్లాడినంత పని చేశాను. ఆమె విసుక్కోకుండా అడుగుతూ పోయింది. ఏ నీళ్లు, ఎందులో పోస్తారు, అందులో ఏమైనా వేస్తారా. చింతపండు అనగానే రాయడం ఆపి నా మొహంలోకి చూసింది. నల్లా నీళ్లూ, గంగాళం నీళ్లూ వేరువేరు డబ్బాల్లో తెప్పించి పరీక్షకు పంపింది. నల్లా నీళ్లలో ఏమీ లేదు. గంగాళం లోపలి అతుకుల్లో ఉన్న సీసం రాత్రంతా పులుపులో నాని నీళ్లలోకి దిగుతోంది. అందరమూ తాగాం కానీ, పసిపిల్లల ఒంట్లోకి అది ఎక్కువ ఎక్కుతుందట. ఆ నీళ్లు మానేస్తే రక్తంలో తగ్గుతుందన్నది. మరి చదువు, జ్ఞాపకం?

"పోయిందంతా తిరిగి వస్తుందని చెప్పలేనమ్మా" అన్నది.

తిట్టడానికి ఒక్క మనిషి దొరికినా బాగుండేది. అతుకు వేసినవాళ్లు ఎప్పుడో పోయి ఉంటారు, వాళ్లకు మాత్రం ఏం తెలుసు? అత్తమ్మను అందామంటే, పిల్లను కళ్లలో పెట్టుకొని పెంచింది ఆమే. ఇంటికొచ్చి గద్దె పగలగొట్టించి గంగాళం తీయించాను. ఎందుకు తీశారని అత్తమ్మ అడిగితే మా ఆయన దాచలేక అంతా చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. "నేనే తాపిన గదా" అని మంచంలో ఒరిగింది. ఆ పూట అన్నం తినలేదు.

పిల్ల రక్తంలో సీసం తగ్గింది. కడుపునొప్పి పోయింది. కాళ్లు నిటారుగా ఉన్నాయి, వాకిలంతా గంతులేస్తుంది. బడిలో మాత్రం తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చొని ఇంకా అవే అక్షరాలు దిద్దుతుంది. ఇక ఇంతేనేమోనని లోపల ఒక మాట మెదులుతుంది.

అత్తమ్మ ఇప్పుడు మనవరాలికి తన చేత్తో ఏదీ ఇవ్వదు. మంచం పక్కనే చెంబు నిండా నల్లా నీళ్లుంటాయి. పిల్ల ఆడి ఆడి చెమటతో వచ్చి, "అవ్వా, నీళ్లియ్యి" అంటుంది.

"మీ అమ్మనడుగు బిడ్డా" అని ఆమె గోడవైపు తిరుగుతుంది.

పిల్లకది గుర్తుండదు. మర్నాడు మళ్లీ అవ్వ దగ్గరికే పోయి చేయి చాపుతుంది.