కువైట్ నుంచి కోత కబురు

చెంగల్రాయుడు మామ కువైట్‌లో మామిడికాయలు అమ్ముతాడు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. పెద్ద సేఠు అనుకోకండి, కూరగాయల మార్కెట్లో చిన్న కొట్టు. ఇక్కడ దామలచెరువు మామిడి మండీ పక్కన ఆయన షెడ్డును నేను చూసుకుంటాను. రైతులు బేనీషా మామిడి కోసి తెస్తే ట్రేలకెత్తి చెన్నైకి, అక్కణ్ణించి విమానంలో ఆయనకు పంపిస్తాం.

ఈసారి సరిగ్గా కోతల వేళ కువైట్ వైపు యుద్ధం మొదలైంది. విమానాలు ఆగిపోయాయి. టీవీలో ఒకడు దారి తెరిచారంటాడు, ఇంకొకడు మూశారంటాడు. మామ టీవీని నమ్మడు. ఆయనకు ఏబెల్ ఉన్నాడు. మా పక్క ఊరి ఎస్తేరమ్మ కొడుకు, అక్కడి విమానాశ్రయంలో సరుకు దించే పని. ఏబెల్‌ను డ్యూటీకి పిలిస్తే సరుకు దిగుతున్నట్టు, పిలవకపోతే లేనట్టు. రోజూ సాయంత్రం మామ రైతుల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టేవాడు: "ఏబెల్ చెప్పినాడు, రేపు కోయొద్దండి." వారం రోజులు ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

ఎనిమిదో రోజు ఏబెల్ ఫోన్ ఎత్తలేదు. తొమ్మిదో రోజూ అంతే. ఇక్కడ కాయ చెట్టు మీదే పండి రాలుతోంది. రైతులు మామను పీక్కు తింటున్నారు. ఆ సాయంత్రం టీవీలో విమానాలు మొదలయ్యాయన్నారు. ఊరికే కోయండంటే ఎవరూ చెట్టెక్కరని మామకు తెలుసు. "ఏబెల్ చెప్పినాడు, కోయండి" అనేశాడు.

తెల్లారి షెడ్డులో మూడు వందల ట్రేలు. పదింటికి చెన్నై నుంచి ఫోను. మనుషుల్ని మాత్రమే ఎక్కిస్తారంట, సరుకు ఎత్తరంట.

కొడుకు చెప్పాడని ఎస్తేరమ్మ రెండెకరాల కాయా కోయించింది. షెడ్డులోంచే స్పీకర్ పెట్టి మామకు ఫోన్ చేసింది.

"చెంగల్రాయా, కాయ సంగతి పక్కన పెట్టు. నా బిడ్డ నీతో ఎప్పుడు మాట్లాడినాడు?"

మామ నిజం చెప్పేశాడు. "రెండు దినాలుగా ఫోన్ ఎత్తలేదక్కా."

"వాడు యాడుండాడో నీకే తెలీదు. వాడి పేరు చెప్పి కాయ కోయిస్తివి. నీ మాట ఇని, నా బిడ్డ బాగుండాడనుకోని నిన్న కడుపునిండా అన్నం తింటిని."

కాయంతా గుజ్జు ఫ్యాక్టరీకి వచ్చిన ధరకు పోయింది.

మధ్యాహ్నం ఏబెల్ తల్లికి ఫోన్ చేశాడు. బాగానే ఉన్నాడు. విమానాశ్రయంలోనే ఉంచేసి ఫోన్లు తీసుకున్నారంట. ఇక మీద పని చేసినంతసేపూ ఫోను ఉండదంట.

నాలుగు రోజులకు సరుకు నిజంగానే కదిలింది. మామ గ్రూపులో ఐదుసార్లు గొంతు పెట్టాడు. ఒక్కరూ కదల్లేదు. ఎస్తేరమ్మ చెట్ల మీద కాయ లేదు, అయినా రైతులంతా ఆమె ముఖమే చూస్తున్నారు.

"విమానం నా కండ్ల ముందర దిగింది రా," అని మామ నా మీద అరిచాడు. "ఇంకేం కావాలంట వాళ్లకు?"

ఎస్తేరమ్మ దగ్గరికి పోయాను. ఆవుకు గడ్డి కోస్తోంది.

"ఏబెల్‌నే చెప్పమను," అంది తలెత్తకుండా.

"డ్యూటీలో ఉండాడత్తా. సాయంత్రం దాకా ఫోనుండదు. అప్పటికి ఈ పొద్దు లారీ పోతాది."

"పోనీలే అబ్బా. ఫోను కోసం కూసునేది ఎట్లుంటాదో మీ మామకూ తెలియాల."

ఆ మాట నేను మామకు చెప్పలేదు. సాయంత్రం లోపల ఏబెల్ ఫోను వచ్చిందా అంటూ ఆయన నాకు ఇంకా పదకొండు సార్లు ఫోన్ చేశాడు.