గుమ్మం ఎటు దిగింది

మా అత్తగారి పెరటి అరుగు మీద కూర్చుంటే నా వంటింట్లో గిన్నెలు లెక్కపెట్టొచ్చు. ఆ అరుగుకి దూరంగా పోదామనే నేను ఇల్లు కొన్నాను.

ఉమ్మడి ఇంట్లో ముగ్గురు తోటికోడళ్లకీ పొయ్యి ఒక్కటే. కూరలో ఉప్పు నుంచి నా కొత్త జాకెట్టు దాకా అన్నీ అరుగు మీద చర్చకొచ్చేవి. పెరటి వెనక మా వాటాకొచ్చిన జాగాలో వేరే ఇల్లు వేద్దామని మా ఆయన్ని పోరి పోరి ఒప్పించాను. మేస్త్రీ చేత కట్టిస్తే ఈ ఏడు పునాది, పై ఏడు గోడలు, స్లాబు ఎప్పటికో దేవుడికెరుక. పలాస దగ్గర హైవే పక్కన, ఇళ్లు చేసి అమ్మే షెడ్డులో రేకు ఇళ్లు రెండు రకాలు చూపించారు. పేనెళ్ల ఇల్లయితే ముక్కలుగా తెచ్చి మన జాగాలోనే బిగిస్తారు, కొన్నాళ్లు పడుతుంది, తలుపు మనం చెప్పిన వైపు పెడతారు. రెడీమేడ్ ఇల్లయితే తలుపులు, ఫ్యాన్లు, బాత్రూముతో సహా లారీ మీద వస్తుంది. దించిన పూటే పాలు పొంగించుకోవచ్చు. ‘దించిన పూటే’ అన్న మాట తర్వాత నా చెవికి ఇంకేమీ ఎక్కలేదు.

ఇల్లు వచ్చిన రోజు ఊరంతా మా పెరట్లోనే ఉంది. జీడితోట వైపు ఉండాల్సిన గుమ్మం లారీ మీద అరుగు వైపుకి తిరిగి ఉంది. క్రేను డ్రైవరు దిగి చూసి తల గోక్కున్నాడు.

"అటు తిప్పాలంటే ఈ రెండు కొబ్బరిసెట్లూ కొట్టాల తల్లీ. నేదంటే గుమ్మం ఇటే దిగుతాది."

తుఫానుకి మా కొబ్బరితోటంతా పడిపోతే మిగిలినవి ఆ రెండే. మావగారు వెళ్లి ఒక చెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కొట్టొద్దని ఎవరైనా గట్టిగా అనుంటే నేనూ పోట్లాడేదాన్ని. అందరూ నా మొహమే చూస్తున్నారు.

"దించీండి" అన్నాను.

సాయంత్రానికి అత్త ఊరంతా చాటేసింది. "మా సిన్న కోడలు బంగారం. సెట్టు కొట్టనీనేదు. మమ్మల్ని సూసుకుంటా ఉండాలని గుమ్మం మాకేసే పెట్టించుకుంది." చుట్టాలందరిలో నాకు మంచి పేరొచ్చేసింది. దాన్ని నేనే ఎలా పాడు చేసుకోను?

ఇటుక గోడయితే గునపంతో పొడిచి ఇంకో గుమ్మం పెట్టుకునేదాన్ని. టెక్కలి నుంచి వెల్డరుని పిలిపిస్తే గోడ మీద తట్టి, "కోసేత్తానమ్మా, కానీ పైకప్పు బరువంతా ఈ గోడే మోత్తంది. కుంగిపోతే నన్ననకండి" అన్నాడు. తలుపు వేసుకుని కూర్చుందామంటే ఎండకి రేకు గది పెనంలా కాలుతుంది. పైగా వేసీ వెయ్యకముందే అరుగు మీంచి అత్త గొంతు. "ఏటమ్మా, తలుపేసీసినావు? ఒంట్లో బాగోనేదా?"

మొన్న కంచిలి నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. దానిదీ ఉమ్మడి సంసారమే, అదే ఉక్కపోత. "అక్కా, మేమూ ఇలాటి ఇల్లే తెచ్చుకుందావనుకుంటన్నాం. ఎలాగుంది?" అంది. ఉన్నది ఉన్నట్టు చెబుదామని తలుపు వెయ్యడానికి లేచాను.

"సుట్టాలొచ్చినప్పుడు తలుపేసుకుంటారేటే?" అంది అత్త.

మళ్లీ కూర్చున్నాను. "మేస్త్రీ సేత కట్టించుకో. ఎన్నేళ్లయినా పర్లేదు. గుమ్మం ఎటుండాలో నువ్వే సెప్పుకోవచ్చు" అన్నాను, వినబడితే వినబడనీ అని గట్టిగానే.

అరుగు మీద అత్త మురిసిపోయింది. "నిజవే! మా కోడలు అదృట్టవంతురాలు గానీ, లారీ మీదొచ్చిన ఇంటికి కోరుకున్న వైపు గుమ్మం ఎవలికి దిగుతాదే?"

చెల్లి నా వైపు చూసింది. అవునన్నట్టు నవ్వాను. తలుపు బార్లా తీసే ఉంది, ఏడుద్దామన్నా ఆ ఇంట్లో నాకు చోటు లేదు.