కలివి కోడి వేట

ఇది ఒక మహా సాహస గాథ. ఇందులో కొండలున్నాయి, ముళ్లున్నాయి, ఎవరి కంటా పడని పక్షి ఉంది. నిజానికి అంత సీనేం లేదు. మొన్న ప్రొద్దుటూరు బజారులో తోపుడుబండి మీది కలివి పండ్ల పుల్లటి వాసన తగిలి గుర్తొచ్చిందంతే.

నా చిన్నప్పుడు పక్కింటి ఖాదర్ మామ కువైట్ నుంచి పెద్ద కెమెరాతో సెలవుకొచ్చాడు.

“మీ కడపలో బండలు తప్ప ఏముందని ఎగతాళి చేస్తాండారప్పా ఆడ మా రూమోళ్లు. ఈతూరి కలివి కోడి ఫోటో చూపిచ్చి వాళ్ల నోర్లు మూయిస్తా,” అన్నాడు. తెల్లారితే తిరుగు ప్రయాణం. నన్ను వెంటబెట్టుకుని జమ్మలమడుగు అవతలి కంపల్లోకి వెళ్లాడు.

కలివి కోడి అంటే కలివి పొదల్లో దాక్కునే అరుదైన అడవిపిట్ట అని నాకు తెలియదు. కోడి అన్నారు కదా, కోడే అనుకున్నాను. మామ బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టగానే, మా అవ్వ కోళ్లను పిలిచినట్టు “బొబ్బొబ్బొబ్బొ” అని గట్టిగా అరిచి, జేబులోని జొన్నలు చల్లాను.

“అరె, ఏందిరా చేస్తాండావు?”

“కోడిని పిలుస్తాండా మామా.”

పొద కదిలింది. మామ కెమెరా టకటకా నొక్కాడు. దగ్గర్లోని గొర్రెల కాపరి గుడిసె తాలూకు ఎర్ర పెట్ట ఒకటి దర్జాగా నడిచొచ్చి జొన్నలు తినసాగింది.

మామ పడీపడీ నవ్వాడు. “పిలిస్తే వచ్చె గదరా! శానా మర్యాదస్తురాలు.”

ఆ ఫోటోనే కువైట్‌కు పట్టుకుపోయాడు. రూమోళ్లు నోరు తెరిచి చూశారట.

పెద్దయ్యాక తెలిసింది, కలివి కోడి రాత్రిపూటే బయట తిరుగుతుందని. మేము వెళ్లింది మధ్యాహ్నం, అన్నం తిన్నాక.