సావుకారు గారి తువాలు

నాకు ముక్కు మీద కోపం. అది పుట్టుకతో వచ్చిందే, గాజుల బుట్ట నెత్తికెత్తుకున్నాక వచ్చింది కాదు. మా ఆయన రొంపిచెర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి గాజులమ్మేవాడు. యుద్ధం జరిగే రోజుల్లో, కోటప్పకొండ తిరునాళ్ళకు ఇంకా నెల ఉందనగా, బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. మా ఇంట్లో ఆరు నెలల తిండి ఆ తిరునాళ్ళలోనే వచ్చేది. అది తప్పిందంటే బుట్ట అమ్ముకుని మిరప చేలల్లో కూలికి పోవటమే. నేను పోతానన్నా. "గాజులు ఎక్కించటం నీకొచ్చు, సరుకు తేవటం యాడొచ్చు?" అన్నాడాయన. నిజంగానే రాదు. అయినా ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

సరుకు నరసరావుపేటలో టోకు సావుకారు దగ్గర కొనాలి. అక్కడ ధర నోటితో చెప్పరు. సావుకారు చేతి మీద తువాలు కప్పుకుని కూర్చుంటాడు. కొనేవాడు దాని కింద చెయ్యి పెడతాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే డజనుకు అన్ని అణాలు. మొహాలు చావు కబురు విన్నట్టు పెట్టుకుని, లోపల వేళ్ళు నొక్కుకుంటా బేరం తెంపుకుంటారు. ఎవడెంతకు కొన్నాడో పక్కవాడికి తెలీదు. ఇదంతా మా ఆయన మంచంలో ఉండే, దుప్పటి కింద నాకు నేర్పాడు. అది చూసి మా అత్త ఏమనుకుందో గానీ రెండు రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు.

తీరా పోయి చెయ్యి చాపితే, సావుకారు పామును చూసినట్టు తువాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఆడమనిషివి, నా తువాలు కింద చెయ్యేందమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆడవాళ్ళ తరఫున బేరమాడటానికి కొట్లో ఒక మధ్యవర్తి ఉన్నాడు. ఆయన చెయ్యి పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, ఒంటి మీదికి దేవుడొచ్చినట్టు ఊగి, నా చెవిలో "ఆరు" అన్నాడు. డబ్బు కూడా తనే పుచ్చుకున్నాడు. మా ఆయన ఎప్పుడూ అయిదుకే తెచ్చేవాడు. ఊళ్ళో మేమమ్మేదే ఆరుకి. వట్టి చేతుల్తో పోలేక, దారానికి గుచ్చిన గాజుల మలారం ఒక్కటి కొని, పళ్ళు నూరుకుంటా బయటికొచ్చా.

కొట్టు వెనకాలే వాళ్ళ ఇల్లు. సావుకారు భార్య పెరటి తలుపు దగ్గర నిలబడి పిలిచింది. "ఇదిగో గాజులమ్మా, ఇట్టా రా."

ఆమె చేతుల్నిండా గాజులే, కానీ ఒకదానితో ఒకటి కలవదు. ఒకటి బురద రంగు, ఒకటి వెలిసిపోయిన వంగపండు రంగు. "అమ్ముడుపోనియ్యన్నీ నా చేతికే పంపుతాడు," అంది. "పెళ్ళయి పన్నెండేళ్ళు. నీకే రంగు ఇష్టమని ఒక్కసారి అడగలేదు." నాకు చానా జాలేసింది. సావుకారు మీద ఉన్న కోపం ఇంకాస్త పెరిగింది. ఆమె నా మలారంలో ఆకుపచ్చ గాజులు పట్టుకుని, ఇవి ఎక్కించమంది.

"నీకెంతకిచ్చారు?"

"ఆరుకమ్మా."

నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. గోడ అవతలే సావుకారు, నోరు విప్పితే వినపడుద్ది. ఆమె పైట చెంగు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పింది. నా వేళ్ళు నాలుగు పట్టుకుని నొక్కింది. నేను తెల్లమొహం వేస్తే మళ్ళీ నొక్కింది.

"మా నాన్న వినుకొండ సంతలో ఎడ్ల బేరగాడు," అంది గుసగుసగా. "ఈ లెక్క ఆయన ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నా. మాకు డజను పడ్డది అంత. మా ఇంటాయన అయిదుకే ఇచ్చుంటాడు, ఆరోది ఆ మధ్యవర్తి మింగాడు. నేను చెప్పానని మా ఆయనకు తెలిస్తే నన్ను బతకనియ్యడు."

మీ పేరు నా నోట రాదమ్మా అని మాటిచ్చా. గాజులకు డబ్బు పుచ్చుకోలేదు.

తిన్నగా మళ్ళీ కొట్లోకి పోయి తువాలు ముందు కూర్చున్నా. పక్కన నలుగురు గాజులోళ్ళు సరుకు కోసం కాచుకుని ఉన్నారు.

"మళ్ళీ ఏందమ్మా?"

"సరుకు కావాలండి. మధ్యవర్తి వద్దు."

"ఆడవాళ్ళతో తువాలు బేరం లేదని చెప్పాగా."

"లేకపోతే పాయె. నాకు నోరుంది గదా. మీకు డజను ఎంత పడిందో నేను చెప్తా, దాని మీద ఎంతియ్యాలో ఈ అన్నలే చెప్తారు. మీకు పడింది..."

మాట పూర్తిగాకముందే సావుకారు నా చెయ్యి పట్టుకుని తువాలు కిందికి లాగాడు. నలుగురూ ఏమనుకుంటారో ఆయనకప్పుడు గుర్తు రాలేదు. నేను నాలుగు వేళ్ళు నొక్కా. ఆయన నా బొటనవేలు కూడా పట్టుకోబోయాడు. ముడిచేసి, నోరు కొంచెం తెరిచా. ఆయనకు నుదుటి మీద చెమట పట్టింది. చివరికి బొటనవేలు సగందాకా పట్టుకున్నాడు. నాలుగున్నర. పాపం ఆయనా బతకాలి గదా అని ఒప్పుకున్నా.

గుట్టు చెప్పింది మధ్యవర్తేనని సావుకారు అనుకున్నాడు. ఆ పూటే ఆ మనిషిని కొట్లోంచి వెళ్ళగొట్టాడు. నేను నోరెత్తలేదు. నా అణా మింగినవాడి మీద జాలిపడేంత మంచిదాన్ని కాదు.

తిరునాళ్ళలో డజను అయిదుకిచ్చా. అయిదుకు కొన్న అన్నలు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే నా బుట్ట ఖాళీ అయింది. "ఎంతకు తెచ్చావేందక్కా?" అని ఒకాయన అడిగితే, పైట చెంగు చేతి మీద కప్పుకుని ఆయన ముందుకు చాపా. మళ్ళీ అడగలేదు. కాలు బాగైనాక మా ఆయన బుట్ట ఇమ్మనలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

అమ్మకుండా దాచిన ఎర్ర గాజులు ఒక డజను, తిరునాళ్ళయినాక సావుకారు ఇంటి పెరట్లోకి తీసుకుపోయా. ఎక్కిస్తుంటే ఆమె చెంగు కప్పి, ఎంతకు తెగిందని వేళ్ళతోనే అడిగింది. నాలుగు పట్టుకుని, బొటనవేలు సగం పట్టుకున్నా. ఆమెకు నవ్వాగలేదు.

"ఏందే ఆ నవ్వు?" అన్నాడు సావుకారు గోడవతల నుంచి.

"గాజు బిగుతుగా ఉందిలెండి," అందామె.