పర్దా పోయింది

"పర్దా ఖరాబైపోయిందని మీ నోటితో మీరే అన్నారు. నేనేటి చెవిటిదాన్నా?"

"ఎవరితో అన్నాను?"

"నాకేటి తెలుసు? ఫోన్ పట్టుకుని పెరట్లోకెళ్ళి మరీ అన్నారు. పోనీ బాగు చేయిద్దామంటే మీదమీదకొస్తారు."

"నా కంప్యూటర్ జోలికి ఎవరూ రావద్దు. అంతే."

భిలాయ్ సెక్టర్ 2లోని ఆ క్వార్టర్ మెట్ల మీద ప్రణవ్ ఆగిపోయాడు. భుజాన పనిముట్ల సంచీ వేలాడుతోంది. కంప్యూటర్ చూడమని పిలిచింది రజనీకుమారి పిన్ని. వద్దంటున్నది ఆవిడ మొగుడు, యుగంధర్ బాబాయ్. మొగుడూ పెళ్ళాల తగువులో తల దూర్చడమా, వచ్చిన దారినే పోవడమా? అలాంటి సందేహాలు ఎక్కువసేపు మోసే మనిషి కాడు ప్రణవ్. దుర్గ్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, మూడో ఏట ఒక మధ్యాహ్నం క్లాసులోంచి లేచొచ్చి మళ్ళీ ఆ గేటు ముఖం చూడని వాడు. ఇప్పుడు సుపేలాలో ఒక దుకాణంలో కంప్యూటర్లు బిగిస్తుంటాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"పోట్లాట అయిపోయిందా, ఇంకా ఉందా? ఉంటే చెప్పండి, బయట కూర్చుంటాను."

రజనీకుమారి ముంగురులు వెనక్కి తోసుకుని, నువ్వైనా చెప్పు నాయనా అన్నట్టు చూసింది. యుగంధర్ గోడకేసి తిరిగాడు.

వాళ్ళేమీ చుట్టాలు కారు. ప్రణవ్ తండ్రీ యుగంధరూ ఉక్కు ప్లాంటులోకి ఒకే షిఫ్టులో ఒకే గేటు గుండా చాలాకాలం వెళ్ళారు, అంతే. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకి అది చుట్టరికం కంటే ఎక్కువే.

యుగంధర్ తండ్రి బొబ్బిలి దగ్గర నుంచి ఖలాసీగా వచ్చి ప్లాంటులో చేరాడు. కింద నేల మీద నిలబడి, బరువులకి తాళ్ళు కట్టి, పైనున్న క్రేన్ డ్రైవరుకి చేత్తో సైగలు చేసే పని. బతుకంతా మెడ ఎత్తి చూసి చూసి, కొడుకు మాత్రం పైనుంచి కిందికి చూడాలని కోరుకున్నాడు. ఆ కోరిక తీరింది. యుగంధర్ క్రేన్ ఆపరేటరయ్యాడు. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని, అంటే ఒక చిన్న ఇల్లంత బొక్కెనని, పాలగిన్నె దించినంత నెమ్మదిగా దించుతాడని పేరు. క్యాబిన్‌లోంచి మనుషుల ముఖాలు కనపడవనీ, టోపీలూ భుజాలే కనపడతాయనీ, అయినా నడకని బట్టి ఎవరెవరో చెప్పేస్తాననీ అనేవాడు. చెప్పేసేవాడు కూడా.

కూతురు హరిత ఉద్యోగానికి పుణె వెళ్తూ తన కంప్యూటర్ ఇంట్లో వదిలేసింది. అందులో విమానం నడిపే ఆట పెట్టమని యుగంధర్ అడిగినప్పుడు ప్రణవ్ నవ్వాడు. నిజం విమానం ఒక్కసారైనా ఎక్కని మనిషి, నెల తిరిగేసరికి రాయపూర్‌లో లేచి విశాఖపట్నంలో దిగడం నేర్చేసుకున్నాడు. వేరే దారి అడగడు. ప్రపంచమంతా ఉంది బాబాయ్, లండన్ వెళ్ళు, దుబాయ్ వెళ్ళు అంటే, అక్కడ నాకెవరున్నార్రా అనేవాడు. కోరాపుట్ కొండల మీదుగా వెళ్ళి, విశాఖ దగ్గర కొండ దాటగానే సముద్రం కనపడాలి. అదీ ఆయన దారి.

ఆ ఆటలో ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే ఆ ఘడియకి ఆ చోట నిజంగా ఏ వాతావరణముందో అదే తెర మీదికి వస్తుంది. అది తెలిసిన రోజు నుంచి యుగంధర్ బొబ్బిలిలోని అప్పయమ్మ అత్తకి ఫోన్ చేసి, అత్తా, బట్టలు తీసీ, వాన వస్తంది అని చెప్పడం మొదలెట్టాడు. మూడుసార్లలో రెండుసార్లు వాన పడేది. భిలాయ్‌లో కూర్చుని మా అల్లుడు మబ్బులు చూస్తాడని ఆవిడ వీధంతా చెప్పుకుంది.

ఇంతకీ ఆ మబ్బులే ఇంట్లో తగువైపోయాయి. హరిత కంప్యూటర్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు పాతది, చిన్నది. ఒక్కో మబ్బుకీ లోపల వెలుగెంత, నీడెంత, అంచు ఎక్కడ పలచబడింది అని ఆ కార్డు క్షణక్షణం లెక్కగట్టాలి. మబ్బుల సెట్టింగ్ మీడియంలో ఉంచితే ఎలాగో లాక్కొస్తుంది. యుగంధర్ మాత్రం దాన్ని అన్నిటికంటే పైమెట్టుకి, అల్ట్రాకి తోసి పెట్టాడు. దాంతో కార్డు ఎద్దుబండికి రైలుపెట్టెలు కట్టినట్టు ఆయాసపడుతుంది, ఫ్యాను పిండిమరలా అరుస్తుంది, విమానం ఎక్కిళ్ళు పెడుతూ ఎగురుతుంది. తగ్గించుకోమని ప్రణవ్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఈమధ్య ఆయన రోజూ తెర ముందు కూర్చుని తిట్టుకుంటున్నాడట. ఆ తిట్లూ, పెరట్లో ఫోన్ మాటా కలిపి రజనీకుమారి ప్రణవ్‌ని పిలిచింది.

హిందీలో పర్దా అంటే తెర కాబట్టి ప్రణవ్ ముందు తెరనే చూశాడు. మొత్తం తెలుపు పెట్టాడు, నలుపు పెట్టాడు, ఎరుపు పెట్టాడు. ఎక్కడా ఒక చుక్క లేదు.

"మానిటర్ ఎక్‌దమ్ ఠీక్ ఉంది. రోగమంతా నీ మబ్బుల్లోనే ఉంది బాబాయ్."

రజనీకుమారి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ప్రణవ్ ఆట తెరిచి, మబ్బుల్ని అల్ట్రా నుంచి మీడియంకి దించాడు. తెర మూల క్షణానికెన్ని బొమ్మలు వస్తున్నాయో చూపించే అంకె గబగబా పైకి పాకింది. వెనక నిలబడ్డ యుగంధర్ కుర్చీ పట్టుకుని, ముందెలా ఉందో అలాగే పెట్టమన్నాడు. అంచులు కాస్త దూదిలా కనపడతాయి తప్ప తేడా ఏమీ ఉండదని ప్రణవ్ అన్నాడు. పెట్టమన్నానా, అన్నాడు యుగంధర్. ఈసారి గొంతు లేచింది.

ఎవరైనా గొంతు పెంచితే ప్రణవ్‌కి సరిగ్గా దానికి ఎదురు చెయ్యబుద్ధేస్తుంది. కార్డు సత్తా ఏమిటో తేల్చేద్దామని వాతావరణం మొత్తం తీసేశాడు. మబ్బు లేదు, వాన లేదు, మంచు లేదు. రాయపూర్ రన్‌వే మీద కడిగిన పళ్ళెంలాంటి ఆకాశం. ఫ్యాను అరుపు ఆగింది.

"ఇప్పుడు కూర్చుని నడుపు. వెన్నలా పోతుంది. ఆ తరవాత తిట్టు."

యుగంధర్ కూర్చున్నాడు. విమానం నిజంగానే వెన్నలా లేచింది. మహానది గీతలా మెరిసి వెనక్కి పోయింది. కాసేపయ్యాక ఆయన గెలిచినవాడిలా తల ఊపాడు.

"నువ్వేటీ తీసీలేదు. ఎదరంతా మసకగానే ఉన్నాది కదా."

ప్రణవ్ వేళాకోళమనుకున్నాడు. వంగి చూశాడు. ఎదర ఎండ, నీలం, ఆ పైన ఇంకా నీలం.

"ఒక్క మబ్బు కూడా లేదు బాబాయ్."

"ఎందుకు లేదురా? ఎడం పక్కన చూడు. నల్లగా, దారాల్లాగ వేలాడతంది. అది వాన కాదా?"

ప్రణవ్ ఎడంపక్క చూశాడు. తరవాత తెర మీంచి చూపు తిప్పి ఆయన కళ్ళకేసి చూశాడు. ఆ కళ్ళు అక్కడ లేని వానని చూస్తున్నాయి, తల కాస్త తిప్పితే ఆ దారాలు కూడా తిరుగుతున్నట్టున్నాయి. యుగంధర్ తల తిప్పాడు, ఆపాడు, మళ్ళీ తిప్పాడు. అప్పుడు ఆయనకీ అర్థమైంది, తన నోటంట ఏం జారిందో.

రజనీకుమారి టీ తెచ్చింది.

"పర్దా బాగయ్యిందా బాబూ?"

ఆ మాట ఈసారి ప్రణవ్ చెవిలో వేరేగా పడింది. వాళ్ళ అమ్మమ్మని రాయపూర్‌లో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, ఆ హిందీ డాక్టరు కూడా పర్దా పర్దా అన్నాడు. అమ్మమ్మ గదిలో కర్టెన్ కోసం వెతికింది. కంటి లోపల బొమ్మ పడే పొరని హిందీలో పర్దా అనే అంటారు. యుగంధర్ పెరట్లో మాట్లాడింది మెకానిక్‌తో కాదు. ఆ మాట పెళ్ళాం చెవిన పడి కంప్యూటర్ తెర అయిపోతే, ఆయన దాన్ని అలాగే ఉండనిచ్చాడు. మబ్బుల్ని ఎందుకు తగ్గించనివ్వలేదో కూడా అప్పుడే తెలిసింది. మబ్బులు నిండుగా ఉన్నంతకాలం మసక ఆటది. మబ్బులు తీసేస్తే మసక తనది.

"ఇంకా చూస్తున్నాను పిన్నీ," అన్నాడు ప్రణవ్. అబద్ధమాడటం వాడికి చేతకాదు, అందుకే గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

ఆవిడ సంచీ తీసుకుని కూరలకి వెళ్ళింది. గేటు చప్పుడయ్యాక ప్రణవ్ అడిగాడు.

"డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"పెరట్లో మాట్లాడిన డాక్టరు."

యుగంధర్ మౌసు మీంచి చెయ్యి తియ్యలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. షుగర్ కళ్ళల్లోకి ఎక్కిందట. లోపల సన్నటి నెత్తుటి చారలు. ఇంజెక్షన్లు వేయించుకుంటే ఇక్కడితో ఆగొచ్చు, పోయింది తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడట. ఒకసారి వేయించుకుంటే ఇంట్లో తెలుస్తుంది, ఇంట్లో తెలిస్తే ప్లాంటులో తెలుస్తుంది. అన్‌ఫిట్ అంటారు. ఆ మాట పడ్డవాళ్ళని ఆయన చూశాడు. ఏదో ఒక కుర్చీ ఇస్తారు, జీతం కూడా ఇస్తారు. కానీ నిన్నటిదాకా ఎవరి తలల మీదుగా లాడిల్ నడిపారో వాళ్ళ మధ్య నిలబడి, పైకి చూస్తూ బతకాలి. మా నాన్న అలా చూసీ చూసీ పోయాడు, నేనూ అక్కడికే దిగాలా, అన్నాడు.

ప్రణవ్‌కి ఓదార్చడం రాదు.

"ఈవేళ షిఫ్టు ఉందా?"

"రెండింటికి."

"ఎక్కుతావా?"

"నేను కళ్ళు మూసుకుని దించగలన్రా. చెయ్యికి తెలుసు. కింద తాతబ్బాయి ఉంటాడు. ఆడి ఈల చాలు నాకు."

తాతబ్బాయి ఆయన క్రేన్ కింద సైగలు చేసే ఖలాసీ. చాలాకాలంగా ఇద్దరిదీ జోడీ. అతనికి తెలుసా అని ప్రణవ్ అడిగాడు. లేదు. మరి ఏమీ జరగలేదా ఇన్నాళ్ళూ? మొన్న ఖాళీ కొక్కెం దించుతుంటే ఒక మూర పక్కకి దిగిందట. తాతబ్బాయి ఎగిరి పక్కకి దూకి, పైకి చూసి నవ్వాడట. ఏటి గురూ, నిద్దరా అని. ఆ నవ్వు తనకి కనపడలేదనీ, తరవాత క్యాంటీన్‌లో తాతబ్బాయే చెప్పాడనీ అన్నాడు. ఈమధ్య నడకలు కూడా పోల్చుకోలేకపోతున్నాను అన్నది మాత్రం తనకి తానే చెప్పుకున్నట్టు అన్నాడు.

"నువ్వు చూస్తున్నావనే నమ్మకంతో ఆయన కింద నిలబడుతున్నాడు," అన్నాడు ప్రణవ్. "ఈసారి కొక్కెం ఖాళీగా ఉండదు."

యుగంధర్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"కాలేజీ పూర్తి చెయ్యలేనోడివి, నువ్వు నాకు చెప్పొచ్చీవాడివా?"

"చెయ్యలేదు. నచ్చలేదు, వదిలేశాను. నేను వదిలినందుకు ఎవరి నెత్తినా ఏదీ పడలేదు."

తెర మీద విమానం, పట్టించుకునేవాడు లేక, ఒక రెక్క వంచి ఆ మచ్చలేని నీలంలో మెల్లగా కిందికి జారుతోంది. ఆయన దానికేసి చూడలేదు. తీగ మీంచి యూనిఫాం చొక్కా లాగి తొడుక్కున్నాడు. గుండీ ఒకటి తప్పి వేసుకున్నాడు. బల్ల మీద కూర్చుని బూటు ఎక్కించాడు. ప్రణవ్ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. నువ్వు గేటు దాటితే నేను తిన్నగా తాతబ్బాయి ఇంటికే వెళ్తానని చెప్పాడు. కొట్టాలనుకుంటే కొట్టమని కూడా చెప్పాడు. నిజంగానే కొడతాడేమో అనిపించింది ఒక క్షణం. ఆయన చేతులు అంత పెద్దవి.

కానీ ఆ చేతులు రెండో బూటు పట్టుకుని ఆగిపోయాయి. అది ఏ కాలిదో చూసుకోవడానికి కళ్ళ దగ్గరగా తెచ్చుకుని, ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చి, ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు, ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తిది. వీధిలో ఎవరో షిఫ్టుకి బయల్దేరి స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు.

చివరికి జేబులోంచి ఫోన్ తీసి ప్రణవ్‌కేసి చాచాడు.

"షిఫ్ట్ ఇన్‌చార్జి త్రినాథరావు గారి పేరుంటాది. కలుపు. నువ్వే మాటాడు బాబూ. యుగంధర్ ఇంక పైకి ఎక్కడని చెప్పీ, ఎందుకో కూడా చెప్పీ. నా చేతికియ్యకు. నేను మాటాడితే జొరమొచ్చిందని చెప్పి, రెండ్రోజులాగి మళ్ళీ ఎక్కీస్తాను."