వసంతోళ్ళ బూజు

వసంతకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే పోదు. గద్వాలలో ఆమెతో కలిసి డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు.

అంతకుముందు, 2004లో, ఆమె నగరంలో పరిశోధన చేస్తూ నల్లమలలో కుళ్ళిన మొద్దు మీది నల్ల బూజు తెచ్చింది. దాన్ని సీసాల్లో పెంచి, రసం తీసి, పుండ్లలో చీము పట్టించే సూక్ష్మజీవుల మీద చుక్క వేసింది. చుక్క పడ్డచోట అవి చచ్చి, గాజు పళ్ళెంలో తేటగా వలయం ఏర్పడింది. ఆ రసంలోంచి విడదీసిన పదార్థం అప్పటిదాకా ఎవరూ ఎరగనిది.

ఆమె గైడు నిరంజన్ సారు ల్యాబు గడప తొక్కిందే తక్కువ. వ్యాసం అచ్చయ్యేసరికి మాత్రం పేర్లు ఆయనదీ, ఆయన అల్లుడిదీ. సొమ్మొకడిది, సోకొకడిది. అడిగితే, "పల్లెటూరి పిల్లవి, నీకెందుకమ్మా పేరు?" అని నవ్వాడట. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వసంత పరిశోధన వదిలేసి, ఒక్క గొట్టంలో ఆ బూజు దాచుకుని గద్వాల పక్కనే ధరూరులోని పుట్టింటికి వచ్చేసింది.

తర్వాత సారు దగ్గరి బూజు బాగానే పెరిగింది గానీ, పదార్థం ఇవ్వడం మానేసింది. వేరే ల్యాబుల వాళ్ళు "చేసి చూపించండి" అని నిలదీశారు. 2007 తొలకరి ముందు, తన దగ్గరి బూజే చెడిందనుకుని ఆయన ధరూరులో కారు దిగాడు. ఆరోజు నేనక్కడే ఉన్నాను. ఇరుగుపొరుగు రైతులతో కలిసి అరుగు మీద విత్తనపు పల్లి వలుస్తున్నాం.

"ఒక్క గొట్టం ఇవ్వమ్మా."

"ఇయ్య," అంది వసంత. "ఇన్నొద్దులు గీ గడియ కోసమే ఎదురుచూసిన."

తల్లి జములమ్మ అడ్డొచ్చింది. "విత్తనం అడిగినోణ్ణి వట్టి చేతుల్తోని పంపొద్దు బిడ్డా. మనింట్ల లేదు గా పద్ధతి."

వసంత మొహంలోకి మెల్లగా వచ్చిన నవ్వు చూసి నాకే భయమేసింది.

"సరే సారు. మా దిక్కు విత్తనం తీస్కునేటోళ్ళు బట్ట పరిచి, ఎవరింటి విత్తనమో నలుగుర్ల చెప్పాలె. చెప్పుండ్రి."

ఆయన చెమట తుడుచుకున్న రుమాలే పరిచాడు. "వసంత వాళ్ళింటిది."

"జర గట్టిగ. ఎవరు కనిపెట్టిండ్రు?"

"నువ్వే." ఆయన తల ఎత్తలేదు. గొట్టం రుమాల్లో పడింది.

కారు కదిలాక నేను ఆగలేకపోయాను. "ఆ దొంగకు ఇచ్చేశావా!"

"విత్తనం ఇచ్చిన. చక్కెర నీళ్ళకు గది బలుస్తది, పని చెయ్యది. పల్లి నూనె తీసినంక మిగిలే గానుగ పిండి కలపాలె. నేనేం కలుపుతున్ననో ఒక్కనాడన్న చూసిండా?"

నేను జములమ్మ వైపు చూశాను. పద్ధతి తప్పిందని కూతుర్ని తిడుతుందనుకున్నాను.

"అడిగితె చెప్తుండె," అంది ఆమె చేట అందుకుంటూ. "అడగనోనికి విత్తనంతోపాటు ఎవుసం గూడ నేర్పుతమా?"