రెండు వేసవుల ఉత్తరం

నాన్న ఆ ఉత్తరం తెచ్చిన రోజు నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అది వేరే సంగతి. సాల్మియాలో మా వీధి చివర పెంపుడు జంతువుల క్లినిక్ ఉండేది. అందులో పనిచేసే తెలిసినాయన చేత రాయించుకొచ్చాడు. నేను అక్కడ వరుసగా రెండు వేసవులు, జులై, ఆగస్టు నెలల్లో రోజూ పనిచేశానట. కుక్కలకు కట్లు కట్టానట. నిజానికి ఆ క్లినిక్ గుమ్మం కూడా తొక్కి ఎరగను.

"కింద గుండ్రంగా స్టాంపు పడిందా లేదా? ఖలాస్, పనైపోయింది!" అన్నాడు నాన్న. కువైట్‌లో పుట్టి పెరిగినదాన్ని, నాకూ అది వింతగా అనిపించలేదు. ఇక్కడ ఏ పనికైనా ముందు స్టాంపు, తర్వాతే మనిషి.

పశువుల డాక్టర్ని కావాలని నాకు పిచ్చి. ఇండియాలో నేరుగా చేరే దారి ఎంట్రన్స్ దగ్గరే మూసుకుపోయింది, ర్యాంకు రాలేదు. మిగిలింది కెనడా. అక్కడ ముందు నాలుగేళ్ళు బయాలజీ చదివితేగానీ వెటర్నరీ గడప తొక్కనివ్వరు. వడపోయగా రెండు యూనివర్సిటీలు మిగిలాయి. ఒకటి పెద్ద నగరంలో ఉంది, పేరున్నది. రెండోది చిన్న ఊళ్ళో ఉంది, కానీ దానికి ఆవులూ గొర్రెలూ ఉన్న సొంత ఫారం ఉంది. నా మనసు దాని మీదే. జంతువులతో పనిచేసిన అనుభవం చూపించమని రెండూ అడిగాయి.

నాకు బొత్తిగా అనుభవం లేదనీ కాదు. ఊరికి దూరంగా వఫ్రాలో ఒక గొర్రెల ఫారానికి ఎనిమిది శుక్రవారాలు వెళ్ళాను. అక్కడ గొర్రెలు కాసే అన్న సొంతూరు అన్నమయ్య జిల్లాలో. ఆయన చేత రాయించుకుంటానంటే నాన్న నవ్వాడు. "ఎనిమిది శుక్రవారాలు ఏ మూలకి? ఆ గొర్రెలాయనకి లెటర్‌హెడ్ ఉందా, స్టాంపు ఉందా?"

మా ఇంటికి భోజనానికొచ్చిన ఒక ఆంటీ, "మనుషుల డాక్టర్ సీటు రాక పశువుల్లో పడ్డావటే?" అని వేళాకోళమాడి, "ఆ చిన్న యూనివర్సిటీ పేరు ఎప్పుడూ వినలేదే," అని దీర్ఘం తీసింది. దాంతో అమ్మ కూడా పెద్దదానికే మొగ్గింది. ఆ వారమే పెద్దదాంట్లో సీటు వచ్చింది. గురువారం సాయంత్రంలోగా సరేనో కాదో చెప్పాలి. చిన్నదాని వీడియో ఇంటర్వ్యూ మంగళవారం.

కెమెరాకు కనపడకుండా నాన్న సోఫా చివర కూర్చున్నాడు. తెర మీద నెరిసిన జుట్టు మేడమ్ ఒకావిడ. నవ్వుతూనే మాట్లాడింది. పది నిమిషాలయ్యాక కాగితాలు వెనక్కి తిప్పి, నెమ్మదిగా అడిగింది. "ప్రతి వేసవీ విజయవాడలో అమ్మమ్మ దగ్గర గడుపుతానని నీ వ్యాసంలో రాశావు. ఈ ఉత్తరం ప్రకారం అవే నెలల్లో నువ్వు కువైట్‌లో ఉన్నావు. ఎలాగో చెబుతావా?"

ఎంత తెలివితక్కువ వాళ్ళం! సెలవులివ్వగానే విమానమెక్కి, ఆగస్టు ఆఖరుకి గానీ తిరిగిరాని గల్ఫ్ కుటుంబం మాది. మేం ఇక్కడ ఉండని ఆ రెండు నెలలే ఏరికోరి రాయించుకున్నాం. వ్యాసం నేను రాశాను, ఉత్తరం నాన్న తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివిన పాపాన ఎవరం పోలేదు.

నాన్న చేతులతో విమానం తిప్పి చూపిస్తున్నాడు, టికెట్లు మార్చుకున్నామని చెప్పమని.

"ఆ ఉత్తరం అబద్ధం," అనేశాను. "నేను నిజంగా వెళ్ళింది ఎనిమిది శుక్రవారాలే. గొర్రెల దగ్గరికి."

ఆవిడ నవ్వు మాయమైంది. "అక్కడ ఏం చేశావు?"

ఏడో శుక్రవారం సంగతి చెప్పాను. ఒక గొర్రె ఈనలేక అవస్థ పడుతోంది. "పాపా, నా చెయ్యి పట్టదు, నీది సన్నగా ఉండాది. సోపు రాసుకోని లోపల పెట్టు. తల యాడుందో చూడు," అన్నాడు ఆ అన్న. నాకు కాళ్ళు దొరికాయి, తల దొరకలేదు. కంగారుపడి ఆ కాళ్ళే పట్టుకుని లాగాను. "లాగొద్దు పాపా, లాగొద్దు!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. పిల్ల చచ్చి పుట్టింది. మళ్ళీ వారం వెళ్ళకూడదనుకున్నాను, అయినా వెళ్ళాను. ఇదంతా చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ ఏదో రాసుకుని, కబురు చేస్తామని ముగించింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదా?" నాన్న ఇంతెత్తున లేచాడు. "టికెట్లు మార్చామంటే పోయేదిగా! పైగా చచ్చిన గొర్రెపిల్ల కథొకటి!"

గురువారం వచ్చింది. చిన్నదాన్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాన్న సబ్హాన్‌లో తను పనిచేసే వర్క్‌షాప్ నుంచి పెందలాడే వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఎదురుగా పెద్ద యూనివర్సిటీ పేజీ, అందులో సరే, వద్దు అని రెండు బటన్లు.

"నొక్కు. వీళ్ళేం కనిపెట్టలేదుగా."

"నాన్నా, ఆ సీటు నాకివ్వలేదు. ఉత్తరంలో ఉన్న అమ్మాయికిచ్చారు."

కొడతాడనుకున్నాను. లేచి వెళ్ళి, బీరువాలోంచి తన ఇఖామా, అదే రెసిడెన్సీ పర్మిట్ కాగితాలు తెచ్చి నా ముందు పడేశాడు. "ఉద్యోగం అన్నచోట ఏముందో చదువు."

స్టోర్ కీపర్ అని ఉంది. మా నాన్న ఇంజనీరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మెషీన్లతోనే బతుకుతున్నాడు.

"నన్ను ఇక్కడికి రప్పించిన కఫీల్, తన దగ్గర ఆ వీసానే ఉందన్నాడు. సరేనన్నాను. పోలీసు ఆపినప్పుడల్లా గుండె దడదడలాడుతుంది. పద్దెనిమిదేళ్ళమ్మా! నువ్వు తిన్న అన్నం ఈ అబద్ధం పెట్టిందే. ఇప్పుడు నీకు రోతగా ఉందా?"

"రోత కాదు నాన్నా, భయం. నాలుగేళ్ళయ్యాక వెటర్నరీ వాళ్ళూ ఇదే అడుగుతారు. అప్పుడూ ఆ ఉత్తరమే చూపించాలి. ఆ దడ నేను పడలేను."

'వద్దు' నొక్కాను. నా చేతిలో ఏ సీటూ లేదు. ఏమైందని అమ్మ వంటింట్లోంచి అడుగుతుంటే, నాన్న తన కాగితాలు ఏరుకుని బీరువాలో పెట్టేశాడు.

మూడు రోజులు నాన్న నా ముఖం చూడలేదు. సోమవారం సాయంత్రం చిన్న యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ ఉత్తరాన్ని పక్కన పడేశారట. మొదటి ఏడాదంతా వాళ్ళ ఫారంలో పనిచేయాలన్న షరతు మీద సీటిస్తున్నారట. అనుభవం అన్నచోట, 'గొర్రెల ఫారం, ఎనిమిది శుక్రవారాలు' అని దిద్ది ఉంది.

ఫోన్ తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివాడు. నా పేరు దగ్గర వేలు ఆపి, ఆ ఎనిమిది శుక్రవారాల దాకా జరిపి, మళ్ళీ పేరు దగ్గరికి తెచ్చాడు.

"ఉన్నది ఉన్నట్టు రాశారే," అన్నాడు. "నా కాగితాల్లో ఇలాంటిది ఒక్కటీ లేదమ్మా."